సముద్రం వైపు గోడ

విశాఖకు అవతల, చేపలరేవు ఒడ్డున డచ్చివాళ్లు కట్టిన ఆ ఇంట్లో కృప వాళ్లు ఉండబట్టి నెల దాటింది. బాగుచేశాక హైదరాబాద్ వాళ్లు వచ్చి అద్దెకు దిగే ఇల్లది. అందాకా సముద్రం లేని లింగాల ఊరి నుంచి వచ్చిన సున్నం పనివాళ్లదే. కిటికీ తీస్తే సముద్రం, కింద జాలరి గుడిసెలు.

ఆ వేకువన కృప భర్త ఇమ్మానుయేల్ నావ ఎక్కాడు. పక్కింటి నూకాలు కొడుకు నావలో మనిషి తక్కువైతే తానొస్తానన్నాడు. తండ్రి దానియేలు వద్దన్నా వినలేదు.

"బాయిల ఈదినోన్ని. నాకు సముద్రమేంది నాయినా" అని నవ్వి వెళ్లాడు.

మామా కోడలూ పనిలో పడ్డారు. సముద్రం వైపు గోడకున్న సున్నమంతా గీకి, లోపలి ఎర్రరాయి కనబడేలా చేయమని ఇంజినీరు చెప్పాడు. రాయి కనిపిస్తేనే ఇల్లు పాతదని వచ్చినవాళ్లు నమ్ముతారట. మధ్యాహ్నం దాటేసరికి గోడంతా ఎర్రగా తేలింది. కృపకు అందంగానే అనిపించింది.

పట్నంలో చేపలమ్మి తిరిగొచ్చిన నూకాలు గోడను చూసి, బుట్ట అక్కడే పడేసింది.

"ఎవులు గీకమన్నారే దీన్ని?"

ఆమె చెప్పింది విన్నాక దానియేలు చేయి ఆగిపోయింది. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర నీళ్ల కింద ఇసుకమేట ఉంది. దాన్ని తప్పించే దారి ఒక్కటే. నావ నడిపేవాడు ఈ తెల్లగోడను ముక్కుకు సూటిగా పెట్టుకుని లోపలికొస్తాడు. వెనకంతా ఎర్రమట్టి దిబ్బలు. వాటి ముందు ఎర్రగోడ కనబడదు. అవతల కొత్త రిసార్టు గోడ ఒక్కటే తెల్లగా ఉంది. పైగా మబ్బు కమ్ముతోంది.

నూకాలు కొడుకు ఫోన్ కలవలేదు. ఇమ్మానుయేల్ ఫోన్ గదిలోనే మోగింది.

"మామా, సున్నం కొట్టుదం. జల్ది."

తొట్టిలో సున్నం సిద్ధంగానే ఉంది. ముగ్గురూ కుంచెలతో, చేతులతో గోడ మీద పడ్డారు. అరచేతులు మండుతుంటే కృప వెనక్కి వచ్చి చూసింది. గోడ తడిసి ఇంకా ముదురు ఎరుపైంది.

"ఏంది మామా, తెల్లగైతలేదు?"

"తడి మీద తెలుపు రాదు బిడ్డా. ఆరాలె."

ఎంతసేపని అడిగితే అతను మళ్లీ కుంచె ముంచాడు. కృప లోపలికి ఉరికి, అతిథుల కోసం తెచ్చిన తెల్లదుప్పట్లు తెచ్చి గోడకు కట్టబోయింది. గాలి ఒక్కదాన్నీ నిలవనివ్వలేదు.

అప్పుడే నావ కనిపించింది. మొదట ఇటే వచ్చింది. కాసేపు తడబడింది. తర్వాత రిసార్టు వైపు తిరిగింది.

నూకాలు కొంగు ఊపుతూ ఒడ్డుకు పరుగెత్తింది. వెనకే పరుగెత్తిన కృప, పెళ్లయ్యాక మొదటిసారి తన భర్తను పేరు పెట్టి పిలిచింది. నావ మేటకు తగిలి ఆగింది. వెనకనుంచి లేచిన అల దాన్ని బోర్లించింది.

నూకాలు కొడుకు, ఇంకొకడు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. ఇమ్మానుయేల్ రాలేదు. జాలర్లు నావలు దింపి వెతికారు. పొద్దుగూకే ముందు ఖాళీగా తిరిగొచ్చారు.

కృప పైకి వచ్చేసరికి గోడ ఆరి తెల్లబడుతోంది. దానియేలు ఇంకా సున్నం కొడుతూనే ఉన్నాడు.

"ఇడిసిపెట్టు మామా."

"ఈదుకుంట వస్తుండొచ్చు. గోడ కనబడాలె గద."

ఆమె అతని చేతిలోంచి కుంచె లాక్కోలేకపోయింది. చీకటి పడింది. ఇక ఆ గోడ ఎవరికీ కనబడదు.