బెల్టుకి కుట్టు

మా అన్నయ్య లారీ మూడు వారాలుగా కుడివైపు తిరగడం లేదు. ఎడమకి తిరుగుతుంది, ముందుకి పోతుంది, వెనక్కీ వస్తుంది. కుడికి మాత్రం స్టీరింగు పావు వంతు తిరిగి మొండికేస్తుంది. దీనికంతటికీ కారకుడు మా ఆయనే. పాత ఇంజను చచ్చిపోతే, "దీని తాతలాంటి ఇంజను పెడతా చూడు బావా" అని కోతలు కోసి, ఎక్కడినుంచో ఇంత లావు ఇంజను తెచ్చి ఇరికించాడు. ఇరికించడమంటే నిజంగా ఇరికించడమే. వేలు పెట్టడానికి కూడా సందు లేదు.

పోనీ తిడదామా అంటే, వీళ్ళిద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు. "తప్పు నీదే బావా", "కాదు బావా నీదే" అని మొదలుపెడితే ఎవరు ఎవర్ని అంటున్నారో దేవుడికి కూడా తెలియదు.

మాది ఒకటే షెడ్డు. సగం మా ఆయన మెకానిక్ పని, సగం నా కుట్టు మిషను. మధ్యలో నేల మీద సుద్దతో గీత గీశాను. గీత దాటి గ్రీజు ఇటు రాకూడదు, దారప్పోగులు అటు పోకూడదు. ఇరవై ఏళ్ళుగా ఆ గీత మీదే మా కాపురం నడుస్తోంది.

అన్నయ్య మొదట్లో ఏమీ అనలేదు. కుడికి వెళ్ళాల్సి వస్తే మూడుసార్లు ఎడమకి తిరిగి వెళ్ళేవాడు. రెండు వీధుల అవతలి సిమెంటు కొట్టుకి వెళ్ళడానికి అరగంట పట్టేది. షెడ్డున్న సందు చివర్నుంచి వాళ్ళిల్లు కుడివైపు. మా ఇల్లు ఎడమవైపు. అందుకని మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే. వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య కుడికి తిరిగితే చెప్పు, కంచం పెడతాను" అని పెట్టేసేది.

నవ్వుకున్నన్నాళ్ళు నవ్వుకున్నాం. తర్వాత పలకల ఫ్యాక్టరీ వాళ్ళు అన్నయ్యని పిలిచారు. ఏడాది పొడుగునా సరుకు తోలే పని. సోమవారం పదింటికి లారీ తెచ్చి చూపించాలి. అన్నయ్య వెళ్ళి ఆ గేటు చూసొచ్చాడు. గేటు కుడివైపు. రోడ్డుకి ఎడమవైపు బారునా రైలు పట్టాలు, గేటు దాటాక రోడ్డే లేదు. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు తిరిగినా ఆ గేట్లోకి ఎడమవైపునుంచి వెళ్ళే దారి లేదు.

"ఈ పని రాకపోతే లారీ పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాలే చెల్లీ" అన్నాడు, అద్దం తుడుస్తూ. ఇచ్చేసే బండి అద్దం ఎవరైనా అంత శ్రద్ధగా తుడుస్తారా?

శనివారం పొద్దున్నే మా ఆయన బానెట్టు ఎత్తి, నన్ను గీత దాటించి మరీ చూపించాడు. స్టీరింగు కడ్డీ మధ్యలో ఒక జాయింటు ఉంది. దాని బోల్టు తల వెళ్ళి, బ్యాటరీకి కరెంటిచ్చే డైనమోకి కొట్టుకుంటోంది. డైనమోని పైకి జరిపితే బోల్టుకి దారి దొరుకుతుంది. కాకపోతే దాన్ని తిప్పే బెల్టు పొడుగు కూడా మారిపోతుంది. మధ్యాహ్నానికల్లా కొత్త ఇనుప పట్టీ ఒకటి చేసి డైనమోని పైకెక్కించాడు. ఇక బెల్టు కొలవాలి. ఆయన ఇనుప టేపు చక్రాల చుట్టూ వంగదు.

"ఇదిగో, నీ టేపు ఒకసారి..." అని నసిగాడు.

"టేపివ్వను. నేనే కొలుస్తాను" అన్నాను.

నడుము కొలిచినట్టే కొలిచాను. ఊపిరి బిగబట్టొద్దని ఇంజనుకి చెప్పలేదంతే. ఆర్డర్ల పుస్తకంలో రాసి, కాగితం చించి ఇచ్చాను. ఆయన అది పట్టుకెళ్ళి, కొట్టు మూసేలోపు బెల్టు తెచ్చాడు.

ఆదివారం బెల్టు వేశారు. అది వేలాడింది. మామూలుగా కాదు, తాతయ్య పంట్లాం వేలాడినట్టు. డైనమోని ఎంత లాగి బిగించినా లాభం లేదు. ఇంజను తిప్పితే కీచుమని అరిచి కిందికి జారిపోయింది. బెల్టు కొట్టుకి ఆదివారం సెలవు.

మా ఆయన తన పట్టీనే అనుమానించాడు. విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. "నా చెయ్యే మంచిది కాదు బావా" అన్నాడు. ఆయన నోటివెంట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. పాపం అనిపించి పుస్తకం తెరిచాను. పక్క పేజీలో ఒక జాకెట్టు కొలతలు ఉన్నాయి. వాటిని చూశాక పుస్తకం మూసేశాను.

"ఏమండీ... ఆ బెల్టు కొలత నలభై నాలుగే."

"నలభై ఆరని రాశావుగా?"

"కుట్టుకోసం రెండంగుళాలు కలిపాను."

మా ఆయన చేతిలో స్పానరు కింద పడేశాడు.

"బెల్టుకి కుట్టేమిటే?"

"అలవాటండీ! ఇరవై ఏళ్ళుగా ఏది కొలిచినా రెండు కలుపుతున్నా. చెయ్యి దానంతటదే రాసేసింది!"

అన్నయ్య టైరు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే జేబులోంచి ఫోన్ తీశాడు. పాత ఇనుము వాడికే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీద నాకే.

"ఫోన్ లోపల పెట్టన్నయ్యా! నడుము లూజైతే జాకెట్టు పారేస్తామా? టక్కు పెడతాం. దీనికీ ఒక టక్కు పెట్టండి."

"టక్కా?" అన్నాడు మా ఆయన.

"టక్కులమారి మనిషికి టక్కు తెలియదా? మధ్యలో పట్టుకుని ఇలా లోపలికి నొక్కెయ్యాలి." వేలాడే బెల్టుని రెండు వేళ్ళతో లోపలికి తోశాను. అది చక్కగా బిగుసుకుంది.

మా ఆయన నన్నూ బెల్టునీ మార్చి మార్చి చూశాడు. పరుగెత్తుకెళ్ళి పాత సామాన్ల డబ్బా బోర్లించి, బేరింగున్న నున్నటి కప్పీ ఒకటి పట్టుకొచ్చాడు. ఎక్కడ బిగించాలో నా సుద్దముక్కతో నేనే గుర్తు పెట్టాను. కప్పీ బెల్టు వీపు మీద కూర్చుని లోపలికి నొక్కింది. ఇంజను తిప్పితే కీచుమనలేదు.

ఇంజను ఆపేసి అన్నయ్య స్టీరింగు మెల్లగా కుడికి తిప్పాడు. మా ఆయన తల లోపలికి పెట్టి చూస్తున్నాడు. జాయింటు బోల్టు తిరుగుతూ వచ్చింది. సరిగ్గా కప్పీ పక్కన, నా టక్కుకి బెల్టు లోపలికి వంగినచోటే, దానికి మూడు వేళ్ళ దూరంలోంచి పోయింది.

మా ఆయన తల బయటికి తీశాడు. మొహం నిండా గ్రీజు.

"నలభై నాలుగు తెచ్చుంటే బెల్టు తిన్నగా ఇక్కడినుంచే పోయేది. బోల్టు దాన్ని కోసి పారేసేది. ఇది నేను చూసుకోలేదు బావా."

"అంటే?" అన్నాడు అన్నయ్య.

"అంటే నేను కావాలనే రాశాను" అన్నాను. కాదంటే ఊరుకునేదాన్నా?

సోమవారం ముగ్గురం క్యాబిన్లో ఇరుక్కుని వెళ్ళాం. ఫ్యాక్టరీ మేనేజరు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన రైలు పట్టాలు. నేను కళ్ళు మూసుకుని టేపు పిడికిట్లో బిగించాను. స్టీరింగు పావు వంతు దాటింది. సగం దాటింది. కళ్ళు తెరిచేసరికి గేటు లోపలున్నాం.

అక్కడితో ఆగాలి కదా. అన్నయ్య ఆగలేదు. పెద్ద ఆవరణలో కుడికి ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. నాకూ ఆగలేదు, బావురుమన్నాను. మేనేజరు లారీ వెనకాల పరుగెడుతున్నాడు.

"ఏమయ్యా, ఎక్కడికి వెళ్తున్నావ్?"

"ఒక్క నిమిషం సార్! మూడు వారాలైంది!"

అయిదో చుట్టుకి ఆపాడు. మేనేజరు రొప్పుతూ వచ్చి తలుపు పట్టుకున్నాడు. ముందు అన్నయ్యని చూశాడు, తర్వాత గ్రీజు మొహంతో ఉన్న మా ఆయన్ని, ముక్కు చీదుకుంటున్న నన్ను, నా చేతిలో టేపుని.

"రేపట్నించి పనిలోకి రా" అన్నాడు. "కానీ తిన్నగా రా."