వంటింట్లోంచి వరండాకి, వయా తాడేపల్లిగూడెం

మా అత్తగారు వీరరాఘవమ్మగారు పన్నెండేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నారు. ఈ పన్నెండేళ్లలో నాతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపం కాదు, పాత పద్ధతి. కొల్లేటి గట్టున ఉన్న వాళ్ల ఊళ్లో అత్తలు అల్లుళ్లకు ఎదురుపడరు. మర్యాదలన్నీ తలుపు వెనక నుంచే జరిగిపోతాయి. నా భార్య పుష్పలత పోయినప్పుడు మా హర్షిణికి ఆరేళ్లు. పిల్ల కుదుటపడేదాకా పది రోజులుంటానంటూ చేతిసంచితో వచ్చిన ఆవిడకు ఆ పది రోజులూ ఇంకా పూర్తి కాలేదు.

మా ఇద్దరి మధ్య మాటలు మోసే పని హర్షిణిది.

"అమ్మాయ్, కాఫీ చల్లారిపోతోందని మీ నాన్నగారితో చెప్పు."

నేను అక్కడే, మూడడుగుల దూరంలో ఉండేవాణ్ణి. "తాగుతున్నానని చెప్పమ్మా."

"ఇద్దరికీ చెప్పేశాను," అనేది హర్షిణి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

ఈ వానాకాలం చివర్లో దానికి తాడేపల్లిగూడెం దగ్గర తోటల పెంపకం చదువులో సీటు వచ్చింది. హాస్టల్లో దింపి, బకెట్టూ దోమతెరా కొనిచ్చి, సాయంత్రం రైలుకి ఏలూరు వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి బల్ల మీద అన్నం, వంకాయకూర మూతపెట్టి ఉన్నాయి. ఇల్లు ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది. వడ్డించుకుని తింటుంటే ఫోన్ మోగింది.

"నాన్నా, పెరుగు ఫ్రిజ్‌లో ఉందట."

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? అమ్మమ్మ. ఇప్పుడే ఫోన్ చేసింది."

వంటింటి వైపు చూశాను. గుమ్మం పక్కన చీర చెంగు మాత్రం కనిపించింది. "తీసుకుంటానని చెప్పు," అన్నాను. కాసేపటికి వంటింట్లో ఫోన్ మోగింది.

అలా మొదలైంది. వంటింటికీ వరండాకీ మధ్య పదడుగులుంటాయేమో. మా కబుర్లు మాత్రం తాడేపల్లిగూడెం దాకా వెళ్లి తిరిగొచ్చేవి. కొత్తిమీర అయిపోయిందన్న సంగతి ఒకసారి హర్షిణి క్లాసులో ఉండటం వల్ల మధ్యాహ్నం దాకా నాకు చేరనే లేదు. నిజం చెప్పాలంటే నాకిదంతా సరదాగానే ఉండేది. రోజుకి ఆరుసార్లు కూతురి గొంతు వినే తండ్రులు ఎంతమంది ఉంటారు?

పెదపాడులో నాకో చిన్న ల్యాబు ఉంది. చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేస్తాను. రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని, బిడ్డకి జ్వరమొచ్చినంత దిగులుగా వస్తారు. "ఏం భయం లేదండీ, నీళ్లు బాగున్నాయి," అని చెప్పగలిగిన రోజు నాకు అన్నం రుచిగా ఉంటుంది. ఆ బుధవారం చెరువు గట్ల మీద తిరిగి, ముగ్గురికి ఆ మాట చెప్పి, హుషారుగా బండి మీద ఇంటికొస్తున్నాను. దారిలో హర్షిణి ఫోన్.

"నాన్నా, ఆదివారం వీరేంద్ర మామయ్య కారు తీసుకొస్తున్నాడట. అమ్మమ్మ వెళ్లిపోతోంది."

బండి ఆపాను. "ఎందుకట?"

"పిల్ల కోసం వచ్చాను, పిల్ల వెళ్లింది, ఇంకా అల్లుడింట్లో కూర్చుంటే నలుగురూ నవ్వరూ అంటోంది."

"ఉండమని చెప్పమ్మా."

"నేను చెప్పను."

"అదేంటే?"

"పెరుగు, కొత్తిమీర, గ్యాసు బండ, ఏ కబురైనా మోస్తాను. ఇది మాత్రం మోయను. నాకు మామిడి మొక్కలకి అంట్లు కట్టే ప్రాక్టికల్ ఉంది. మీరే చెప్పుకోండి." పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పొయ్యి దగ్గర ఉన్నారు. నన్ను చూసి గోడ వైపు తిరిగి, చెంగు భుజం నిండా కప్పుకున్నారు.

"అత్తయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మూకుడులో ఆవాలు చిటపటలాడాయి.

"ఆదివారం వెళ్తున్నారటండీ. మీరు వెళ్తే మరి వంటకి..."

"వంటమనిషి దొరుకుతుందని ఆయనకి ఎవరైనా చెబితే బాగుణ్ణు," అన్నారావిడ గోడతో.

నిజమే. పైగా ఆదివారాలు వంట నాదే.

"వంట కోసం కాదండీ," అన్నాను. "మొన్న హర్షిణి గొడుగు ఇక్కడే మరిచిపోయి హాస్టల్‌కి వెళ్లిందని, 'మొద్దుమొహం, అచ్చం పుష్పే' అని విసుక్కున్నారు చూడండి. వరండాలో కూర్చుని విన్నాను. తన పేరు అందరూ గొంతు తగ్గించి, జాలిగా పలుకుతారు. బతికున్న మనిషిని తిట్టినట్టు తిట్టేది మీరొక్కరే. ఆ రోజంతా నాకు ఎంత హాయిగా ఉందో. మీరు వెళ్లిపోతే ఈ ఇంట్లో తనని తిట్టేవాళ్లు ఇంకెవరున్నారండీ?"

ఆవాలు మాడిపోతున్న వాసన వచ్చింది. ఆవిడ పొయ్యి కట్టేశారు. చెంగుతో కళ్లొత్తుకున్నారో, చెమటే తుడుచుకున్నారో తెలియలేదు. ఇక లాభం లేదనుకుంటుండగా ఆవిడ ఇటు తిరిగారు. నా కాళ్ల వైపు చూశారు.

"ఏవండీ అల్లుడుగారూ, చెరువు గట్టు బురదంతా వంటింట్లోకి తెచ్చేస్తారా ఎవరైనా? ఇప్పుడే కదా తుడిచాను!"

కిందికి చూసుకున్నాను. గుమ్మం నుంచి పొయ్యి దాకా నల్లటి అడుగులు. ఎప్పుడు లోపలికొచ్చానో నాకే తెలియదు.

"కడుక్కొస్తానండీ," అని పెరట్లోకి పరుగెత్తాను. కుళాయి కింద కాళ్లు రుద్దుకుంటూ ఎందుకో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి, తన ఫోను నాకు అందిస్తున్నారు.

"వీరేంద్రకి కలపండి. హర్షిణి నంబరు తప్ప ఇందులో నాకింకేం తెలీదు."

"ఏం చెప్పమంటారు?"

"నన్నడుగుతారేంటండీ? ఉండమన్నది మీరు. మీరే చెప్పుకోండి."

కలిపాను.

"వీరేంద్రా, ఆదివారం అత్తయ్యగారు రావట్లేదు," అని మొదలుపెట్టానో లేదో, పక్కనుంచి ఆవిడ, "భోజనానికి రమ్మనండి. కొర్రమీను తెమ్మనండి, చచ్చింది కాదు, బతికుంది తెమ్మనండి. మీరలా నసుగుతారేం, గట్టిగా చెప్పండి!" అన్నారు.

అవతల వీరేంద్ర టీవీ కట్టేసిన చప్పుడైంది.

"బావగారూ," అన్నాడు, "అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?"

"నాతోనేనయ్యా," అన్నాను.