ఉంగరపు వేలు

ట్రేలోని నల్ల ముఖమల్ మీద పడిన నూలుపోగును జెరూష గోటి కొసతో తీసి పారేసి, మళ్లీ ఉంగరాలు సర్దడంలో పడింది. ఒక్కో ఉంగరాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, రాయి కౌంటరు అవతల కూర్చునేవాళ్ల వైపు తిరిగేలా గాడిలో నిలబెడుతోంది. ఇనప్పెట్టె గదిలోంచి అప్పుడే వచ్చిన ట్రేలు చేతికి చల్లగా తగులుతున్నాయి. బయట జూబ్లీహిల్స్ రోడ్డు మీద వాన పడుతూనే ఉంది. అద్దాల అవతల కార్లు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

ఉంగరాల పని అయ్యాక ఆమె తన చేతుల సంగతి చూసుకుంటుంది. కౌంటరు కింద అరలోంచి గ్లిజరిన్ సీసా తీసి, వేళ్ల సందుల్లోకి, గోళ్ల చుట్టూ, మణికట్టు దాకా రాసుకుంటుంది. ఆ షోరూంలో నిశ్చితార్థపు వజ్రాల ఉంగరాల కౌంటరు ఆమెది. పెళ్లికూతురు రాకుండా పెళ్లికొడుకో, అతని తల్లో వచ్చినప్పుడు, ఉంగరం వేలికి ఎలా ఉంటుందో ఆమే తొడుక్కుని చూపించాలి. వాళ్లు ఆమె ముఖం వైపు చూడరు. ఆ చేతిలో తమ ఇంటికి రాబోయే అమ్మాయి చెయ్యి చూసుకుంటారు. కాసేపటికి ఆమె ఉంగరం తీసి పెట్టెలో పెట్టి, నవ్వుతూ అందిస్తుంది.

నలభై ఏడేళ్ల వయసు ఆమె ముఖంలో బాగానే కనిపిస్తుంది. కళ్ల కింద చర్మం వదులైంది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. చేతుల్లోకి మాత్రం ఆ వయసు దిగలేదు. చామనచాయ వేళ్లు, పొడుగ్గా, కొసకు వచ్చేసరికి సన్నబడి ఉంటాయి. ఒకసారి షోరూం ప్రకటన కోసం ఫోటోలు తీయడానికి వచ్చినవాళ్లు, తాము తెచ్చుకున్న మోడల్‌ను పక్కన కూర్చోబెట్టి ఈమె చేతినే వాడుకున్నారు. చెక్‌పోస్టు దగ్గర పెద్ద బోర్డు మీద కొన్నాళ్లు ఆ చెయ్యి ఉంది. ఆటోలో వస్తూ పోతూ జెరూష దాన్ని తలెత్తి చూసేది. అది తనదేనని పక్కన కూర్చున్నవాళ్లతో ఎప్పుడూ అనలేదు.

కౌంటర్లలో పనిచేసేవాళ్లు సొంత ఉంగరాలు పెట్టుకోకూడదని అక్కడి నియమం. పెళ్లయిన అమ్మాయిలు రాగానే తీసి బ్యాగుల్లో దాచుకుంటారు. తీసి దాచుకోవడానికి ఏమీ లేని జెరూషకు ఆ నియమం హాయిగా ఉండేది. లోపల ఉన్నంతసేపూ అందరి వేళ్లూ ఖాళీవే. ఎవరూ ఏమీ అడగరు.

ఇవాళ గ్లిజరిన్ రాసుకుంటుంటే వేళ్లు తనవి కానట్టున్నాయి. చర్మం బిగుసుకుని మెరుస్తోంది. పొద్దున చెక్‌పోస్టు దగ్గర ఆటో దిగి ఎత్తు రోడ్డు ఎక్కుతూ, మధ్యలో ఒక బట్టల షాపు మెట్ల మీద కూలబడింది. ఊపిరి అందలేదు. కొన్నాళ్లుగా రాత్రుళ్లు వెల్లకిలా పడుకున్నా అలాగే అవుతోంది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చునే నిద్రపోతోంది. వాన చెమ్మకూ, రాత్రి తిన్న ఎండుచేపల కూరకూ ఒళ్లు నీరు పట్టి ఉంటుందిలే అనుకుంది. వదిన సోఫియాకు చెబితే డాక్టరు దగ్గరికి పదమంటుంది. అన్న మైఖేల్ పని మానుకుని వెంట వస్తానంటాడు. శ్రావణమాసం ముహూర్తాలు మొదలయ్యాయి, ఇప్పుడు సెలవంటే బాగుండదు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

వాన కాస్త తెరిపి ఇచ్చాక తల్లీకొడుకులు వచ్చారు. తల్లి పేరు శేషారత్నం, శ్రీనగర్ కాలనీలో ఇల్లు. కొడుకు సుహాస్ ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆఫీసులో పనిచేస్తాడు. వచ్చే ఆదివారం అతనికి నిశ్చితార్థం. పెళ్లికూతురు గీతిక కాస్ట్యూమ్ డిజైనరు. రాజమండ్రి దగ్గర షూటింగులో ఇరుక్కుపోయింది, శనివారానికి గానీ రాలేదు. కొలత కోసం ఆమె పాత ఉంగరం ఒకటి సుహాస్ జేబులో వేసుకొచ్చాడు. జెరూష దాన్ని కొలత కడ్డీకి తొడిగి చూసింది. సరిగ్గా తన వేలి కొలతే.

అతను చాలాసేపు చూశాడు. పెద్ద రాళ్లున్నవి పక్కన పెట్టేశాడు. చివరికి సన్నటి కట్టు మీద ఒకే ఒక్క గుండ్రటి రాయి, ఎత్తుగా లేవకుండా వేలికి అణిగి ఉండే ఉంగరం దగ్గర ఆగాడు. గీతిక రోజంతా బట్టలతో పని చేస్తుందనీ, ఎత్తుగా ఉంటే దారాలు పట్టుకుంటాయనీ తల్లికి చెప్పాడు. శేషారత్నం తల ఊపింది. మితంగా మాట్లాడే మనిషి. కొడుకు మాట్లాడుతున్నంతసేపూ ఉంగరాలకన్నా అతని ముఖాన్నే ఎక్కువ చూసింది.

సుహాస్ గీతికకు వీడియో కాల్ చేశాడు. జెరూష ఉంగరాన్ని ఎడమచేతి ఉంగరపు వేలికి ఎక్కించింది. కణుపు దగ్గర అది ఆగింది. ఎదురుగా ఫోను ఉంది. ఆమె నవ్వు చెదరనివ్వకుండా గట్టిగా ఒత్తింది. ఉంగరం కణుపు దాటి మొదట్లో కూర్చుంది. చెయ్యి నెమ్మదిగా అటూ ఇటూ తిప్పింది. రాయి దీపాల కింద మెరిసింది.

ఫోనులోంచి షూటింగు గోల మధ్య గీతిక గొంతు వినిపించింది. "ఆ చెయ్యి ఎవరిదండీ? ఎంత బావుందో. ఇంక వేరేవి చూడొద్దు సుహాస్, ఇదే."

అక్కడికి అంతా బాగానే ఉంది. జెరూష బిల్లు రాయమని పక్క కౌంటరు సారాకు సైగ చేసి, ఉంగరం తీయబోయింది. అది కదల్లేదు. తిప్పి చూసింది. తిరుగుతోంది కానీ, పైకి లాగితే కణుపు దగ్గర చర్మం మడతలు పడి అడ్డం వస్తోంది. చెయ్యి కౌంటరు కిందికి దించి మళ్లీ లాగింది. నుదుటి మీద చెమట పట్టింది. ఏమైందని శేషారత్నం అడిగింది. చెమ్మకు కొంచెం పట్టిందనీ, ఒక్క నిమిషమనీ జెరూష చెప్పింది. నిమిషం గడిచింది. వేలు ఎర్రబడి, రాయి చుట్టూ కండ పైకి తేలింది.

శేషారత్నం ముఖంలో రంగు మారడం జెరూష చూసింది. ఆమె కొడుకు మోచెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేచింది.

మేనేజరు రాఘవేంద్ర వచ్చాడు. తగ్గు గొంతుతో క్షమాపణ చెప్పి, వాళ్లకు కాఫీ తెప్పించి, జెరూషను వెనక వంటగదికి వెళ్లి సబ్బు పెట్టి తీసుకురమ్మన్నాడు. ఆమె లోపలికి నడుస్తుంటే గార్డు కూడా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వేలి మీద వజ్రం ఉంది కాబట్టి అది అతని డ్యూటీ. పొద్దున్నే ఆమెకు నమస్తే పెట్టిన గార్డే. ఇప్పుడు నేల చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆమె వెనకాల గార్డు నడవడం అదే మొదటిసారి.

వంటగదిలో కొమురమ్మ కప్పులు కడుగుతోంది. షోరూం ఊడ్చేదీ, టీలు కాచేదీ ఆమే. సంగతి విని చేతులు తుడుచుకుని, జెరూషను స్టూలు మీద కూర్చోబెట్టింది. సబ్బు రాసి చూసింది, లాభం లేకపోయింది. అప్పుడు డబ్బాలోంచి కుట్టుదారం తీసి, ఒక కొసను ఉంగరం కిందినుంచి దూర్చి, మిగతా దారాన్ని వేలి చుట్టూ కణుపు దాటేదాకా బిగించి చుట్టడం మొదలుపెట్టింది.

"చేతులేంది అమ్మా గిట్ల ఉబ్బినయ్?" అంది. జవాబు కోసం చూడకుండా వంగి, జెరూష చీలమండ పైన బొటనవేలితో అదిమింది. వేలు తీసినా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. "గిది చెమ్మ గాదు. మా పెనిమిటికి గూడ గిట్లనే ఉబ్బినయ్. ఇయ్యాల్నే దవాఖానకు పో."

ఆదివారం చర్చి అయ్యాక వెళ్తానని జెరూష అంది. దారం బిగుస్తున్నకొద్దీ వేలి కొస నల్లబడుతోంది. ఆమె నొప్పి అనలేదు. కాసేపటికి కొమురమ్మ, తల ఎత్తకుండానే, నీకు ఏనాడూ పెళ్లి మాట రాలేదా అని అడిగింది. అడగకూడదని ఇన్నేళ్లూ ఊరుకున్న ప్రశ్నేమో, చాలా మెల్లగా అడిగింది.

"ప్రధానం అయింది కొమురమ్మా," అంది జెరూష. "నాకూ ఒక ఉంగరం పెట్టారు."

ఆ మాట ఆమె షోరూంలో ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు చెప్పుకుంటూ పోయింది. అతని పేరు లియో. సినిమా ఎడిటింగు గదిలో అసిస్టెంటు. మోతీనగర్ చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేసి, ఇద్దరి చేతా ఉంగరాలు మార్పించారు. సన్నటి బంగారపు ఉంగరం, రాయి కూడా లేదు. ఆమె నాన్న అంతోని, బాపట్ల నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ప్రధానం జరిగిన వేసవిలోనే ఒక కోట సెట్టు మీద మేకులు కొడుతూ పరంజా మీంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. తల్లి అంతకుముందే లేదు. మైఖేల్ అప్పుడు దుబాయిలో ఉన్నాడు. నాన్నకు ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆమే చేసింది. ఒక ఏడాది ఆగమని లియోను అడిగింది. ఆగాడు. ఇంకో ఏడాది అడిగింది. దానికీ ఆగాడు. మూడోసారి అడగడానికి ఆమెకే నోరు రాలేదు. ఉంగరం పాస్టరు గారి చేత పంపించేసింది. అతను వచ్చి వాకిట్లో నిలబడితే, నాన్నకు స్నానం చేయిస్తున్నానని లోపలినుంచే చెప్పింది. ఆ తర్వాత అంతోని పద్నాలుగేళ్లు బతికాడు.

కొమురమ్మ దారం కింది కొస పట్టుకుని, మెల్లగా విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టూ విడుతుంటే ఉంగరం కొంచెం కొంచెంగా పైకి జరుగుతోంది.

"ఆనాటిది తియ్యడానికి ఇంత పని పట్టలేదు," అంది జెరూష, ఉంగరాన్నే చూస్తూ. "అప్పటికి నేనూ చిక్కి సగమయ్యాను. చెయ్యి కిందికి దించితే దానంతటదే జారి వచ్చింది."

ఉంగరం కణుపు దాటి కొమురమ్మ అరచేతిలో పడింది. దాన్ని సబ్బు పోయేదాకా కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

జెరూష ముందు గదిలోకి వచ్చేసరికి తల్లీకొడుకులు గుమ్మం దగ్గరున్నారు. ఉంగరం చూపించింది. గీతికకు నచ్చింది ఇదే కదమ్మా అని సుహాస్ తల్లిని బతిమాలుతున్నాడు. అలాంటిదే ఇంకోటి తెప్పిస్తానని మేనేజరు అంటున్నాడు. శేషారత్నం జెరూష దగ్గరికి వచ్చింది.

"నీ తప్పేం లేదమ్మా. నా భయం నాది. మా నిశ్చితార్థంలో ఇలాంటిదే ఏదో అయితే నవ్వేసి ఊరుకున్నాం. వీడికి నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న పోయారు."

ఫర్వాలేదండీ అని జెరూష అంది. వాళ్లు గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం రాఘవేంద్ర తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. మంచివాడే. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. సోమవారం నుంచి వెనక గదిలో, నగలకు చీటీలు కట్టే దగ్గర కూర్చోమన్నాడు. కౌంటరుకు కొత్తమ్మాయి వస్తుందట. వెనక గదిలో మెట్లెక్కి దిగే పని ఉండదు, మీకూ విశ్రాంతిగా ఉంటుంది జెరూష గారూ అన్నాడు. సరేనండి అంది ఆమె. లేవబోతూ తన చేతులు ఒళ్లో ఒకదాని కింద ఒకటి దాచుకుని ఉన్నట్టు గమనించింది. తీసి కుర్చీ అంచు పట్టుకుని లేచింది.

కాసేపు పైన కూర్చుని వస్తానని సారాకు చెప్పి, మెట్ల మీద ఆగుతూ ఆగుతూ, అమ్మాయిలు చీరలు మార్చుకునే పై గదికి వెళ్లింది. అన్నం డబ్బా తెరవలేదు. పడుకుంటే ఊపిరాడదని కిటికీ పక్క కుర్చీలోనే వెనక్కి వాలింది. మళ్లీ వాన మొదలైంది. కింద రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. పెళ్లి కొనుగోళ్ల గిరాకీ. సారా ఒక్కతీ ఏం చేస్తుందో అనుకుంది. ఉంగరపు వేలి మీద దారం చుట్టిన గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కుడిచేత్తో వాటిని మెల్లగా నిమురుకుంటూ కళ్లు మూసుకుంది.

టీ తీసుకుని కొమురమ్మ పైకి వెళ్లి, ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు.

ముందు గదిలో కొనేవాళ్లు ఉన్నారని జెరూషను వెనక మెట్ల మీంచి కిందికి దించారు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపైందన్నాడు. గుండె చాలాకాలంగా బలహీనపడుతూ ఉండాలి, కాళ్లూ చేతులూ వాస్తుంటే ఎవరూ చూసుకోలేదా అని అడిగాడు. మైఖేల్, సోఫియా మోతీనగర్ నుంచి నేరుగా ఆస్పత్రికే వచ్చారు. మైఖేల్‌కు డాక్టరు ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పొద్దున తనే ఆమెను ఆటో ఎక్కించాడు.

షోరూం మాత్రం మూయలేదు. సాయంత్రం దీపాలు వెలిగాక సుహాస్ ఒక్కడే వచ్చాడు. తడిసి ఉన్నాడు. పొద్దున చూసిన ఉంగరం ఉందా అని అడిగాడు. కౌంటరులో సారా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నా అతను గమనించలేదు, సంతోషంలో ఉన్నాడు.

"గీతికకు జరిగింది చెప్పానండీ. ఆవిడ చేతిని వదల్లేదంటే నన్నూ వదలదులే, అదే తీసుకో అంది. అమ్మ కూడా సరేనంది. పొద్దున ఉన్న మేడమ్ లేరా? ఆవిడకు చెబుదామనుకున్నాను."

సారా ఒక్కసారి మేనేజరు వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"ఇంటికెళ్లిపోయారండీ," అంది.

నేను అడిగానని చెప్పండి అన్నాడు సుహాస్. సారా ఉంగరం తుడిచి, పెట్టెలో పెట్టి, నవ్వడానికి ప్రయత్నిస్తూ అందించింది.

మర్నాడు పొద్దున కొమురమ్మ ఊడవడానికి పై గదికి వెళ్లింది. జెరూషను ఆస్పత్రికి తీసుకుపోయింది షోరూం వాళ్లిచ్చే కుంకుమరంగు పట్టుచీరలోనే. అది మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంటినుంచి కట్టుకొచ్చిన లేత నీలం నేత చీర గోడకున్న కొక్కేనికి అలాగే వేలాడుతోంది. ముందురోజు పొద్దుటి వానకు తడిసిన అంచు రాత్రంతా ఫ్యాను గాలికి ఆరి గట్టిపడింది. భుజం మడతలకు పెట్టుకున్న పిన్నీసు ఇంకా దానికే ఉంది.