పనికిరాని టేకులు

సినిమా తీయడానికి ఇప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు. ఆ ధైర్యంతోనే టైలర్ తన షాపులో సినిమా మొదలుపెట్టాడు. హీరో తమ్ముడు, శవం నాన్న.

పడుకోవడమే కదా అని నాన్న సరదాగా ఒప్పుకున్నాడు. తీరా కటింగ్ బల్ల మీద పడుకోబెట్టి, గొంతుదాకా దుప్పటి కప్పేసరికి ఆయనకి నవ్వాగలేదు. ఓసారి తుమ్మాడు. ఓసారి కళ్లు తెరిచి, "ఒరేయ్ చిన్నోడా, పోయింది మీ నాన్నరా, కాస్త గట్టిగా ఏడువు!" అన్నాడు.

"శవం మాట్లాడకూడదు నాన్నా! పొట్ట కూడా కదులుతోంది, ఊపిరి బిగబట్టు," అని టైలర్ కసురుకున్నాడు.

నాన్న గమ్మున పడుకున్నాడు. షాట్ అదిరింది. ఫోన్ నిండిపోయిందని టైలర్ పనికిరాని టేకులన్నీ అక్కడికక్కడే తీసిపారేశాడు. చూసినవాళ్లంతా శవాన్నే మెచ్చుకుంటే నాన్న కాలరెగరేసుకుని తిరిగాడు.

ఆ ఏడాదే ఆయన నిజంగా పోయాడు.

"అన్నయ్యా, నాన్న నవ్వుతున్న వీడియో ఉంటే పెట్టవా, ఒక్కసారి చూస్తాను," అన్నాడు తమ్ముడు.

టైలర్ ఫోనంతా గాలించాడు. నాన్న ఒక్కచోటే దొరికాడు, కటింగ్ బల్ల మీద. పెద్దకొడుకు చెప్పినట్టే, బుద్ధిగా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.