వంతెన కింద పచ్చరంగు

"ఆదివారం పూట కూడా ఆ బురదలో దిగాలా అమ్మాయ్? ఊరి మురికి నీకెందుకు?" అంటూ చర్చికి బయలుదేరింది అత్తగారు అసంప్టా. డర్వ్లా దుప్పట్లు తీగ మీద ఆరేసింది. ఆరేలోపు వాన రాకపోతే చాలనుకుంది.

కిందటి వేసవిలో వంతెన దగ్గర ఈతకొట్టి వచ్చిన కూతురు ఓర్లా ఆసుపత్రిలో వాంతులతో అల్లాడిపోయింది. అప్పుడే డర్వ్లా ఏటి నీటిని పరీక్షించేవాళ్ళలో చేరింది. రబ్బరు బూట్లతో నీళ్ళలో దిగి, అడుగు రాళ్ళను కాలితో కదిలించి, లేచిన పురుగుల్ని వలలో పట్టి చూడాలి. మంచినీళ్ళలో బతికే పురుగులు ఎగువన బోలెడు, దిగువన వంతెన దగ్గర మురుగులో పెరిగే ఎర్రపురుగులు తప్ప ఏమీ లేవు. మధ్యలో ఉన్నవి రెండే ఇళ్ళు. అటు గట్టున ఒంటరి ముసలామె నూలాది, ఇటు గట్టున తమది. "మనకు పెరట్లో సెప్టిక్ ట్యాంకుందిగా, ఆ మూత కనబడట్లేదూ? నూలాదే అయ్యుంటుంది," అన్నాడు భర్త ఫిన్‌బార్. ఊరు నమ్మింది. దుకాణంలో నూలాని చూసి మొహాలు తిప్పుకున్నారు. ఆమె ఓర్లా కోసం పంపిన కేకును డర్వ్లా కూడా చెత్తబుట్టలో పడేసింది.

తేల్చుకోవాలంటే మరుగుదొడ్డిలో పచ్చరంగు పోసి, అది ఏట్లో తేలుతుందేమో చూడాలి. నూలా నొచ్చుకోకుండా ముందు తమ ఇంట్లోనే మొదలుపెడదామనుకుంది. కాస్త రంగు పోసి, నీళ్ళు వదిలి, గట్టు మీదికెళ్ళి నిలబడింది. ముళ్ళపొదల కిందనుంచి పచ్చటి నీళ్ళు జారి ఏట్లో కలిశాయి.

పెరట్లో ట్యాంకు మూత మీదున్న పూలకుండీ జరిపి, మూత ఎత్తింది. కింద ఒట్టి మట్టి. ఇన్నేళ్ళూ ఆ కుండీకి తనే నీళ్ళు పోసింది.

"అది మా నాన్న ఏట్లోకి వేయించిన పైపు," అన్నాడు ఫిన్‌బార్, టీ చల్లారకముందే తాగుతూ.

"నీకు తెలుసా?"

"తెలియకేం."

"ఓర్లా ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా?"

అతను కప్పులోకి చూశాడు. "ఈ ఇంట్లో బట్టలుతికేదెవరు? అంట్లు తోమేదెవరు? ఆ పైపులోకి పోయిందంతా నీ చేతుల మీదుగా పోయిందే కదా! ఇక ఊరుకో. నింద నూలా మీదే ఉండనీ, ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడే మనిషి కూడా కాదు."

డర్వ్లాకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయినప్పటినుంచి తను ఈ ఇంటిని కడుగుతున్నాననుకుంది. కడిగిందంతా తన బిడ్డ నోట్లోకే వెళ్ళింది. ఈ మనిషి ఆసుపత్రిలో ఓర్లా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, నోరు మెదపలేదు. చలిలో మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి తను పురుగులు వెతుకుతుంటే, "మా ఆవిడ ఏటి డాక్టరు" అని పబ్బులో నలుగురినీ నవ్వించాడు. మంచం పంచుకున్నవాడు చేసిన మోసం ఇది. ఎక్కడ కడుక్కుంటే పోతుంది?

చర్చి గంట మోగింది. ప్రార్థన అయ్యాక ఊరంతా ఎప్పటిలాగే వంతెన మీద ఆగి కబుర్లాడుకుంటుంది.

"అమ్మని తీసుకొస్తా. ఆ మిగిలిన రంగు పారబొయ్యి," అన్నాడు ఫిన్‌బార్, కారు తాళాలు అందుకుంటూ.

"పారబోస్తాలే," అంది.

సీసా మొత్తం మరుగుదొడ్డిలో వంచి నీళ్ళు వదిలింది. కోటు తొడుక్కుని, నూలాని వంతెన మీదికి తోడుగా తీసుకెళ్ళడానికి బయలుదేరింది.