తలుపు వెనక చెప్పులు

మేస్త్రి టీ గ్లాసు పెదవికి ఆనించినవాడు ఆనించినట్టే ఆగిపోయాడు. వీధి మలుపు దగ్గర నుంచి లేత్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది. మొదట మోటారు మూలుగు, ఆ వెంటనే చెక్కకు ఉలి తగిలినప్పటి సన్నని కూత. ఆ కూత ఎవరింటిదో ఆ వీధిలో చెవులున్న ప్రతివాడికీ తెలుసు. అది మేస్త్రి ఇంటిది. మేస్త్రి మాత్రం ఇక్కడ, టీ కొట్టు బల్ల మీద, పదిమంది మధ్య కూర్చుని ఉన్నాడు.

ఆ వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ ఒక లేత్ ఉంది. ఏటా పండగకు ఎక్కడెక్కడి ఇళ్ళలోనో వేలాడదీసుకునే చెక్క బంతులూ, లోలకులూ, గుప్పిట్లో ఇమిడే పక్షులూ అక్కడే తయారవుతాయి. గుత్తేదారు కర్ర ఇచ్చిపోతాడు, సరుకు పట్టుకుపోతాడు. ఉలి పట్టేది మగవాడు. నేల మీద కూర్చుని గరుకుకాగితంతో రుద్దేది, నూనెగుడ్డతో మెరుగు పెట్టేది, దారం కట్టేది ఆడది. ఉలి కూలిలో పావు వంతు నేల కూలి. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ గుర్తు లేదు గాని, దాన్ని గుత్తేదారు కంటె భద్రంగా కాపాడుతున్నది మేస్త్రీలే. ఆడది ఉలి పట్టిందని తెలిస్తే ఆ ఇంటి సరుకంతా నేల కూలికే పోతుంది. ఆ మీదట కర్ర ఆ గుమ్మం తొక్కదు. నిరుడు భర్త పోయిన ఒక ఇల్లాలి లేత్ ఆ విధంగానే మూలబడింది. ఆ తీర్పుకు తల ఊపినవాళ్ళలో మేస్త్రి కూడా ఉన్నాడు.

అతన్ని అందరూ నూలు మేస్త్రి అనేవారు. లోలకు నడుము చుట్టూ అతను తీసే గీత నూలుపోగంత సన్నగా ఉండేది. ఉండేది అనే చెప్పాలి. ఏళ్ళ తరబడి ఉలి అదురును మింగిన కుడిచేతి వేళ్ళు ముందు తిమ్మిరెక్కాయి, తరువాత వణకసాగాయి. గడిచిన పండగకూ, రాబోయే ఈ పండగకూ కూడా ఆ గీత తీస్తున్నది అతని భార్య. ముందు తలుపుకు గడియ పెట్టి ఆమె లేత్ ముందు కూర్చుంటుంది. అతను గోడకు జారగిలబడి, కాళ్ళు ముడుచుకుని, దారాలు కడతాడు.

లేత్ తిరుగుతున్నంతసేపూ అతను బయట ఎవరి కంటా పడకూడదు. అందుకు వాళ్ళిద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. తలుపు వెనక చెప్పులుంటే అతను ఇంట్లోనో పెరట్లోనో ఉన్నట్టు. చెప్పులు లేకపోతే ఆమె మోటారు ముట్టుకోదు. ఈ పొద్దున ఒక చెప్పు పట్టీ తెగింది. ఊపిరాడని పనిలో కాస్త గాలి పీల్చుకుందామని అతను ఉత్త కాళ్ళతోనే పెరటి దారిన వచ్చేశాడు. ఆ సంగతి ఇప్పుడు, గ్లాసు చేతిలో ఉండగా, తట్టింది.

"బావా," అన్నాడు బుడంకాయ. అతను ఎదురింటి మేస్త్రి, పొట్టివాడు, నోటికి తాళం లేనివాడు. "నువ్విక్కడ, నీ చెయ్యేమో ఇంట్లో. ఈ విద్య ఎప్పుడు నేర్చావు?"

"చెయ్యి ఇంట్లో వదిలేసి వచ్చాడు కాబట్టే ఆ గ్లాసు అలా వణుకుతోంది," అన్నాడు టీ కొట్టువాడు.

అందరూ విరగబడి నవ్వారు. నవ్వు సద్దుమణిగినా చప్పుడు ఆగలేదు. అప్పుడు నవ్వని ముఖాలు ఒకటొకటిగా అతని వైపు తిరిగాయి. నిజం చెప్పడానికి అంతకంటె మంచి సమయం దొరకదు. కాని సాయంత్రం గుత్తేదారు సరుకు కోసం వస్తాడు. లేత్ పోతుంది, పేరూ పోతుంది. మోటారుకు నూనె వెయ్యమని తానే చెప్పాననీ, తెలివితక్కువది మీట నొక్కి ఉంటుందనీ అన్నాడు మేస్త్రి. దాని సంగతి తేలుస్తానని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు.

తమాషా చూద్దామని నలుగురూ వెనకే వచ్చారు. అతను ముందు తలుపు దబదబా బాదాడు. ఆమె గడియ తీసింది. జుట్టునిండా చెక్కపొట్టు, చేతిలో ఉలి. అతను రెండు రెక్కలూ బార్లా తెరిచి, వీధి వైపే సగం తిరిగి, గొంతెత్తాడు.

"ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను? ఉలి పట్టుకునే మొహమేనా అది? బంగారంలాంటి కర్రంతా తగలేశావు కదే!"

అంతటితో ఆగినా బాగుండేది. లేత్ మీద అప్పుడే పూర్తయిన లోలకును ఊడబెరికి, పాడైపోయిందని అందరూ వినేలా చెప్పి, వీధిలోకి విసిరేశాడు.

ఆమె అతని మట్టికాళ్ళ వైపు చూసింది. తరువాత తలుపు వెనకనున్న చెప్పుల వైపు, వాటిలో ఒకదాని తెగిన పట్టీ వైపు చూసింది. అర్థమైంది. ఉలిని కొంగుతో శుభ్రంగా తుడిచి, అతని చేతిలో పెట్టింది.

మేస్త్రి తలుపు మూసి గడియ వేశాడు. వేసీ వెయ్యగానే అతని గొంతు ఎవరిదో అన్నట్టు పీలగా మారిపోయింది. ఏం చెయ్యమంటావు, అందరూ విన్నారు, అన్నాడు. పట్టీ తెగడం తన ఖర్మ అన్నాడు. ఇంకా సగం బుట్ట మిగిలి ఉంది, కాస్త ఆగి మెల్లగా మొదలుపెట్టు, నేనే తిప్పుతున్నాననుకుంటారు, అన్నాడు.

ఆమె వెళ్ళి గోడవార, రోజూ అతను కూర్చునే చోట కూర్చుని, దారం ఉండ ఒళ్ళోకి తీసుకుంది.

"నా పని ఇదేగా. వీధి వీధంతా వినేట్టు మీరే చెప్పారు."

అతను లేత్ ముందు కూర్చున్నాడు. కర్ర బిగించి మీట నొక్కాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టును అదిమి పట్టి ఉలి ఆనించాడు. కూత రాలేదు, కటకటమని చప్పుడొచ్చింది. నూలుపోగు ఉండవలసిన చోట ఎలుక కొరికినట్టు గాటు పడింది. రెండోదీ అంతే అయింది. మోటారు ఆపేశాడు. తల ఎత్తకుండానే, నీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చో, అన్నాడు.

"కాళ్ళు పట్టుకోవడం దేనికి? తలుపు తీసి ఉంచండి, కూర్చుంటాను."

"నీకు మతిపోయిందా? కర్ర ఇవ్వడం మానేస్తారు."

"మానేస్తే మానెయ్యనివ్వండి. రెండు పండగలు దొంగలా తిప్పాను. నా నోటితో నేను ఎవరికీ చెప్పుకోలేదు. మీ పేరు మీకే ఉంచాను." ఆమె దారం కొరికి ముడి వేసింది. "తిట్టడానికి బార్లా తీసిన తలుపు, పనికి మాత్రం ఎందుకు మూయాలండీ?"

అతనికి నిరుడు మూలబడిన ఆ లేత్ గుర్తొచ్చింది. ఆ రోజు ఆ ఇల్లాలు కూడా ఏదో అడిగింది. ఏమడిగిందో తాను వినిపించుకోనేలేదు.

బయట ఎవరో తలుపు తట్టారు.

"బావా." బుడంకాయ గొంతే గాని అందులో ఎప్పటి వెటకారం లేదు. "ఈ లోలకు చెడిపోయిందన్నావు. ఇందాకట్నుంచీ తిప్పి తిప్పి చూస్తున్నాం. ఎక్కడ చెడిపోయిందో ఒకసారి బయటికొచ్చి చూపించు."

ఆమె తల ఎత్తలేదు. ఇంకొక బంతికి దారం ఎక్కిస్తోంది. మేస్త్రి లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు. దాన్ని తీయనూ లేదు, వదలనూ లేదు. చేతి వణుకుకు ఇనుప గడియ కొక్కెంలో టకటకమని కొట్టుకోసాగింది. ఆ చప్పుడు బయటివాళ్ళకు కూడా వినబడుతోందని అతనికి తెలుసు.