పెట్టె లేని టీవీ

కేబుల్ పెట్టెని చూస్తే బెర్నడెట్‌కి బొద్దింకని చూసినట్టే ఉండేది. టీవీ పక్కన నల్లగా, వెచ్చగా కూర్చుని, ఎవరూ చూడకపోయినా సన్నగా గుయ్యిమంటూనే ఉండేది. దుమ్ము తుడుద్దామని గుడ్డ వేస్తే ఆ వెచ్చదనం చేతికి తగలగానే చటుక్కున వెనక్కి లాక్కునేది. చచ్చిన దానికి జ్వరమేమిటని తిట్టుకునేది.

అంతకుముందు గోడలోంచి వచ్చే తీగని టీవీ వెనక బిగిస్తే చాలు, మంచుగడ్డ మీద ఆడే హాకీ వచ్చేది. ఆ వేసవిలో కేబుల్ కంపెనీవాళ్ళు హాకీ ఛానెల్‌ని డిజిటల్లోకి మార్చి, తాళం వేసి, పెట్టె పెట్టుకున్నవాళ్ళే చూడమన్నారు. అదే వేసవిలో ఆమె భర్త కాజ్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఉక్కు కర్మాగారంలో అంతెత్తున కూర్చుని క్రేన్ నడిపిన మనిషి. ఇప్పుడు ఎడమచేత్తో రెండు రిమోట్లు. టీవీకొకటి, పెట్టెకొకటి. ఒకదాని బదులు ఇంకొకటి నొక్కితే తెరంతా నీలంగా మారిపోయి మళ్ళీ మామూలయ్యేది కాదు.

ఒకరోజు ఆమె సాసేజీలకని బజారుకెళ్ళి వచ్చేసరికి కాజ్ ఆ నీలం తెర ముందే కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపయింది ఇలా?"

కాజ్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజు నుంచి బెర్నడెట్ గురువారాలు ఇల్లు కదలడం మానేసింది. గురువారం అంటే చర్చి కింది అంతస్తులో బౌలింగ్, బరువైన బంతి దొర్లించి కర్రలు పడగొట్టే ఆట. పెళ్ళికి ముందు నుంచీ ఆడుతోంది. కానీ హాకీ ఆటలు కూడా చాలామటుకు గురువారాలే వచ్చిపడేవి. మధ్యలో తెర నీలమైతే ఆయనకి దిక్కెవరు?

ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్ళ ఊరు బఫెలోలో సగం ఇళ్ళలోలాగే వాళ్ళింట్లోనూ హాకీ చూడడమంటే టీవీ గొంతు నొక్కేసి పక్కన రేడియో పెట్టడమే. రేడియోలో అరిచేవాడు మనవాడు, టీవీవాళ్ళు ఊరికే సూట్లు వేసుకుంటారు అని కాజ్ సిద్ధాంతం. పెట్టె వచ్చాక బొమ్మ వెనకబడింది. రేడియోలో గోల్ అని కేకలు వినిపిస్తుంటే తెరమీద హాకీ బిళ్ళ ఇంకా అవతలి కొసన జారుతూ ఉండేది.

"నాకంటే నిదానం ఈ పెట్టె. దీనికెప్పుడొచ్చిందే పక్షవాతం?" అన్నాడు కాజ్.

బెర్నడెట్ నవ్వలేదు. ఆ నీలం తెర గొడవకి ముందే ఒకనాడు విసుగొచ్చి రేడియోని తీసి ఫ్రిజ్ మీదకి ఎక్కించేసింది.

కాజ్ చెల్లెలు ఆర్లీన్ బౌలింగ్ జట్టుకి పెద్ద. ఫోన్ చేసి ఆరాలు తీసింది. "పెట్టె అక్కర్లేని టీవీలున్నాయి వదినా. వెనకాల ఒక గాడి ఉంటుందట. కేబుల్‌వాళ్ళిచ్చే కార్డు అందులో దోపితే అయిపోయె. ఒక్కటే రిమోట్. అన్నయ్య చూసుకుంటాడు, నువ్వు గురువారం రా. నువ్వు లేక మేం అందరిచేతా తన్నించుకుంటున్నాం."

మర్నాడే బెర్నడెట్ దుకాణానికి వెళ్ళింది. గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకే చిలక ఒకేసారి రెక్కలు విదిలిస్తోంది. కర్టిస్ అనే కుర్రాడు జుట్టుకి జిగురు పట్టించి, గమ్ నములుతూ వచ్చాడు.

"ఎంత సైజులో చూపించమంటారు మేడమ్?"

"వెనక్కి తిప్పు."

"ఆఁ?"

"టీవీని వెనక్కి తిప్పవయ్యా. దాని మొహంతో నాకేం పని?"

కర్టిస్ ఒక్కొక్కటే తిప్పాడు. గాడి లేదు. రెండోదానికీ లేదు. "అన్నిటి మీదా డిజిటల్ అని రాసే ఉంది కదా మేడమ్!"

"రాయడానికేం? తాళం వేసిన ఛానెల్ వస్తుందా?"

"అది... రాదు."

"మరి ఆ రాత నాకెందుకు, కడిగి తాగనా?"

గాడి ఉన్నవి ఇప్పుడు రావడం లేదనీ, అడిగేవాళ్ళే లేరనీ గొణుగుతూ చివరికి వెనక గదిలోంచి రెండు దొర్లించుకొచ్చాడు. బెర్నడెట్ కుడిచెయ్యి కోటు జేబులో దోపుకుని, ఎడమచేత్తో రిమోట్ తీసుకుని, కళ్ళు మూసుకుని నొక్కి చూసింది. పెద్ద టీవీ రిమోట్ మీద మీటలు ఆవగింజల్లా ఉన్నాయి. దాన్ని ఛీ అని పక్కన పడేసింది. చిన్నదాని మీటలు పెద్దవి, వేలికి తెలుస్తున్నాయి.

"చెయ్యి నొప్పా మేడమ్?"

"నా చెయ్యి కాదు. సరేగానీ, పెట్టె లేకపోతే బొమ్మ రేడియోతో పాటే వస్తుందా?"

"ఆలస్యమంతా పెట్టెలోనే కదా మేడమ్! పెట్టె లేదు, ఆలస్యం లేదు." నమలడం కూడా ఆపకుండా చెప్పాడు. బెర్నడెట్‌కి అదే వినాలని ఉంది కాబట్టి నమ్మేసి, చిన్నదాన్ని కొనేసింది.

తరవాత కేబుల్ కంపెనీ. ఫోన్లో అమ్మాయి "పెట్టె ఎందుకు వద్దండీ, అందరూ పెట్టుకుంటున్నారుగా" అని జాలిపడింది. కార్డు మనం దోపకూడదట, వాళ్ళ మనిషే వచ్చి దోపాలట. ఆ మనిషి ఫలానా రోజని చెప్పి ఇంకో రోజు వచ్చాడు. పేరు డ్వేన్. చంకలో కొత్త పెట్టె.

"ఇదేమిటి?"

"పెట్టె మేడమ్."

"నేనడిగింది కార్డు."

"కార్డా? అవి ఇంకా ఇస్తున్నారా?"

"అది నా గడప దాటిందంటే నిన్నూ దాన్నీ కలిపి మంచులో పారేస్తా."

డ్వేన్ వెళ్ళి, మళ్ళీ వారానికి కార్డుతో వచ్చాడు. దాన్ని దోపడం చిటికెలో పని. కానీ దాని మీది అంకెలు ఫోన్లో ఎవరికో చదువుతూ, తప్పు చదివి, మళ్ళీ మొదలెడుతూ మధ్యాహ్నమంతా తిన్నాడు. బూట్ల బురద తివాచీకి పూశాడు. బల్ల మీది కేకు ముక్క అడక్కుండానే నోట్లో వేసుకుని, వేళ్ళు టీవీకి తుడిచాడు. బెర్నడెట్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా ఓర్చుకుంది, హాకీ బొమ్మ వచ్చింది కాబట్టి.

గురువారం వచ్చింది. ఆమె బౌలింగ్ చొక్కా వేసుకుంది. అది పొట్ట దగ్గర బిగుతైంది. ఫ్రిజ్ మీంచి రేడియో దించి, దుమ్ము తుడిచి, కాజ్ ఎడమచేతి పక్కన పెట్టింది.

"ఊఁ, నొక్కు" అంది.

కాజ్ బొటనవేలితో వెతుక్కుని నొక్కాడు. టీవీ వెలిగింది. ఇంకోటి నొక్కాడు. హాకీ వచ్చింది. ఇంకోటి, టీవీ నోరు మూసింది. నీలం తెర రాలేదు. కాజ్ గడ్డం పైకెత్తి ఆమె వైపు చూశాడు. క్రేన్ దిగి వచ్చే రోజుల్లో అలాగే చూసేవాడు. 

కాజ్ రేడియో మీట తిప్పాడు. ఆమె కోటు వేసుకుని బంతి సంచీ అందుకుంది.

"గో...ల్!" అని రేడియో గావుకేక పెట్టింది.

తెరమీద మన జట్టువాడు ఇంకా మంచు మైదానం మధ్యలో తాపీగా జారుతున్నాడు. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, పాచిపోయిన కూరలా, ఆ గోల్ తెరమీదకీ వచ్చింది.

"పెట్టె లేదు కదే?" అన్నాడు కాజ్.

"లేదు."

"మరి?"

మరేముంది, ఆలస్యం ఆ డిజిటల్‌లోనే ఉంది. పెట్టె ఉన్నా అంతే, లేకపోయినా అంతే. కర్టిస్ నోట్లోని ఆ గమ్‌ని గొంతుదాకా కుక్కాలనిపించింది బెర్నడెట్‌కి. సంచీ కింద పడేసింది. "దరిద్రపు వెధవలు! రేపే తీసుకెళ్ళి వాడి నెత్తిన పెట్టొస్తా. నేనెక్కడికీ వెళ్ళను."

కాజ్ బొటనవేలు వెతుక్కుంది. తెర నల్లబడింది.

"ఆపడం మాత్రం భలే ఆగుతోంది" అన్నాడు. "నువ్వెళ్ళు, ఆర్లీన్ నన్ను తిడుతుంది. నాకు రేడియో చాలు."

"రేడియో చాలా? మరి ఇన్నాళ్ళూ ఆ నీలం తెర ముందు ఎందుకు కూర్చున్నావయ్యా? రేడియో పెట్టుకోలేకపోయావా?"

"ఫ్రిజ్ మీదుంటే నాకెలా అందుతుందే?"

ఏదీ మనసులో పెట్టుకోకుండా అన్నాడు. అన్నాక మళ్ళీ ఆటలో పడిపోయాడు.  తిట్టడానికి ఇప్పుడు కర్టిస్ లేడు, డ్వేన్ లేడు. ఉన్నది తనే. తన మీద తనకే రోత పుట్టింది. వెళ్ళి రేడియోని ఇంకొంచెం ఆయన చేతికి దగ్గరగా జరిపి, సంచీ తీసుకుని బయటపడింది.

కారు అద్దం మీద మంచు గీకి, లోపల కూర్చుని రేడియో పెట్టింది. అదే గొంతు. మనవాళ్ళు మళ్ళీ ముందుకి ఉరుకుతున్నారు. గేరు మీద చెయ్యి వేసింది, కారు తియ్యలేదు.

కారులో గోల్ అని వినపడింది. అదే క్షణంలో, రెప్పపాటైనా తేడా లేకుండా, ఇంట్లోంచి కాజ్ కేక.

ఆమె స్టీరింగ్ మీద తల ఆనించుకుని కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, ఆ టీవీని మరోసారి నోరారా తిట్టి, కారు వెనక్కి తీసింది.